వెండితెరపై ప్రవాస యువత

విదేశాలలో స్థిరపడిన భారతీయుల బిడ్డలు హిందీ చలనచిత్రాలలో తొలినుంచీ ఏదో ఒక పరీక్షకు నిలబడుతూనే ఉన్నారు. వారు ఏ దేశంలో పుట్టారు, ఏ బడిలో చదివారు, ఏ భాషలో కలలు కంటారు అన్న విషయాలు ఆ చిత్రాలకు అంత ముఖ్యం కావు. వారిలో భారతీయత మిగిలి ఉన్నదా, లేదా అన్నదే అసలు ప్రశ్న. ఈ ప్రశ్నకు 1970లో ఒక విధంగానూ, 1995లో మరొక విధంగానూ హిందీ సినిమా సమాధానం చెప్పింది. మారినది సమాధానమే గాని, ప్రశ్న కాదు. పరీక్షకు నిలబడిన యువతీయువకులలో యువతికి ఎప్పుడూ ఒక ప్రశ్న ఎక్కువగానే ఉండేదని కూడా గమనింపవచ్చు.

1970లో మనోజ్ కుమార్ నిర్మించి, దర్శకత్వం వహించి, తానే నాయకుడుగా నటించిన ‘పూరబ్ ఔర్ పశ్చిమ్’ ఈ కోవలో చెప్పుకోదగిన తొలి చిత్రాలలో ఒకటి. ఉన్నత విద్య కోసం భారత్ అనే యువకుడు లండన్ వెళతాడు. అక్కడ తండ్రి స్నేహితుని కుమార్తె ప్రీతి తారసపడుతుంది. సైరా బాను ధరించిన ఈ పాత్రకు పసుపు రంగు జుట్టు, పొట్టి దుస్తులు, చేతిలో సిగరెట్టు, మరొక చేతిలో మద్యపాత్ర. ఆమె భారతదేశాన్ని ఎన్నడూ చూడలేదు. చూడనిదానిని ప్రేమించలేకపోవడం ఆమె తప్పు ఎలా అవుతుందని ఆ చిత్రం అడగదు. చివరకు నాయకుని వెంట ఈ దేశానికి వచ్చి, ఇక్కడి కుటుంబజీవితాన్ని చూసి, ఆమె మారుతుంది. మార్పుకు గుర్తుగా వేషం మారుతుంది. పాశ్చాత్యమంటే పతనమనీ, తూర్పు అంటే పవిత్రతయనీ గీత గీసిన చిత్రమిది. లండన్‌లో ఒక భారతీయ కుటుంబం ఎట్లా బతుకుతున్నదో, ఉద్యోగం ఎట్లా దొరికిందో, వీధిలో ఎదురయ్యే జాతివివక్ష ఎట్టిదో అందులో వెదికినా కనబడదు.

అయితే ఆ కాలంలోనే మరొక చూపు కూడా ఉండెను. దేవ్ ఆనంద్ తీసిన ‘హరే రామ హరే కృష్ణ’ 1971 నాటి చిత్రం. కెనడాలోని మాంట్రియల్ నగరంలో తల్లిదండ్రులు విడిపోతారు. కొడుకు తల్లితో భారతదేశానికి వస్తాడు. కూతురు జస్బీర్ తండ్రి దగ్గర ఉండిపోతుంది. తల్లీ, అన్నా చనిపోయారని ఆ పిల్లకు అబద్ధం చెబుతారు. పెరిగిన తరువాత ఆమె ఇల్లు విడిచి, పేరు మార్చుకొని, కాఠ్మండూలో హిప్పీల నడుమ మాదకద్రవ్యాలకు బానిస అవుతుంది. అన్న ఆమెను వెదుక్కుంటూ వస్తాడు గాని, కాపాడలేకపోతాడు. జీనత్ అమాన్‌కు పేరు తెచ్చిన ఈ పాత్రలో దోషం పరదేశానిది మాత్రమే కాదు, విరిగిపోయిన ఇంటిది కూడా. ప్రీతిని మందలించిన హిందీ సినిమా జస్బీర్‌ను చూసి కంటతడి పెట్టింది. ఇద్దరిలో జస్బీరే నిజమైన మనిషిలా కనిపిస్తుంది.

ఈ చిత్రాలు భారతదేశంలోని ప్రేక్షకుని కోసం తీసినవి. అమెరికాలో 1965 నాటి వలస చట్టం తరువాత వైద్యులు, ఇంజనీర్లు పెద్దయెత్తున వెళ్లసాగారు. చదువుకున్నవారు దేశాన్ని విడిచిపోతున్నారన్న బాధ ఇక్కడ బలంగా ఉండేది. ‘మేధోవలస’ అన్న మాట పత్రికలలో తరచుగా వినిపించిన కాలమది. వెళ్లినవారు ఏదో పోగొట్టుకొని ఉంటారని నమ్మడం, వెళ్లలేనివారికి ఒక ఓదార్పు.

1991లో ఆర్థిక సంస్కరణలు వచ్చిన తరువాత ఈ చూపు తలక్రిందులైంది. విదేశీ మారకద్రవ్యం కోసం దేశం ఎదురుచూస్తున్న రోజులలో ప్రవాసి పారిపోయినవాడు కాకుండా, పెట్టుబడి తేగలిగిన ఆప్తుడుగా మారాడు. 1998 మే నెలలో కేంద్ర ప్రభుత్వం చలనచిత్ర రంగానికి పరిశ్రమ హోదా ప్రకటించింది. ఆ సంవత్సరమే మణిరత్నం చిత్రం ‘దిల్ సే’ బ్రిటన్ వసూళ్ల పట్టికలో మొదటి పది స్థానాలలో చోటు సంపాదించింది. లండన్‌లోనో, న్యూజెర్సీలోనో అమ్ముడుపోయే ఒక టికెట్టు ధర ఇక్కడి చిన్న పట్టణంలో అమ్ముడుపోయే అనేక టికెట్ల ధరకు సమానం. డబ్బు చెల్లించి హాలులో కూర్చున్న ప్రేక్షకుణ్ణి, నీ బిడ్డలు చెడిపోయారని చెప్పి సంతోషపెట్టడం సాధ్యం కాదు గదా! నీ బిడ్డలు ఎక్కడ పెరిగినా మన బిడ్డలే అని చెప్పవలసి వచ్చింది.

ఆ మాటను అందరికంటె నేర్పుగా చెప్పిన చిత్రం ‘దిల్‌వాలే దుల్హనియా లే జాయేంగే’. 1995 అక్టోబరు 20న విడుదలైన ఈ చిత్రానికి ఆదిత్య చోప్రా దర్శకుడు. ముంబయిలోని మరాఠా మందిర్ థియేటరులో ఇది 2014 డిసెంబరు నాటికి వెయ్యి వారాలు పూర్తి చేసుకొన్నది.

కథ మొదలయ్యేది లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పావురాలకు గింజలు వేస్తున్న ఒక నడివయస్కునితో. అతడు బల్‌దేవ్ సింగ్. పంజాబునుంచి వచ్చి ఇరవై ఏళ్లు దాటినా మనసు ఆవపూల పొలాలలోనే ఉన్నవాడు. అతని కూతురు సిమ్రన్‌కు పెళ్లి ఎప్పుడో నిశ్చయమైపోయింది. పంజాబులోని మిత్రునికి ఏనాడో ఇచ్చిన మాట అది. వరుణ్ణి ఆమె చూసి ఎరుగదు. పెళ్లికి ముందు ఒక్క నెల రోజులు స్నేహితురాండ్రతో ఐరోపా చూసి వస్తానని తండ్రిని బతిమాలుకుంటుంది. ఆ ప్రయాణంలో రాజ్ పరిచయమవుతాడు. రాజ్ కూడా లండన్‌లో పెరిగినవాడే, ధనవంతుని కొడుకు, పరీక్ష తప్పినా తండ్రి అభినందించేటంత గారాబం. అల్లరివాడు. బల్‌దేవ్ దుకాణంలో మోసంతో బీరు డబ్బాలు తీసుకుపోయినవాడు.

పాత లెక్క ప్రకారమైతే ఇట్టివాడు ప్రతినాయకుడు కావలసింది. కాని స్విట్జర్లాండులో ఒక రాత్రి సిమ్రన్ మత్తులో ఉన్నప్పుడు అతడు ఆమెను తాకడు. మరునాడు ఆమె కలవరపడితే, భారతీయ యువతికి శీలం ఎంత విలువైనదో తాను ఎరుగుదునని నచ్చజెబుతాడు. అల్లరి పైపై వేషం, లోపల ఉన్నది సంప్రదాయమే అని ప్రేక్షకునికి అభయమిచ్చిన ఘట్టమిది. తరువాత పంజాబులో పెళ్లి ఇంట సిమ్రన్ తల్లి లజ్జో నగల మూట తెచ్చి, ఈ పిల్లను తీసుకొని పారిపొమ్మని ప్రాధేయపడుతుంది. రాజ్ ఒప్పుకోడు. తండ్రి స్వయంగా చేయి పట్టి అప్పగిస్తే తప్ప ఆమెను తీసుకుపోనంటాడు.

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచింపవలసి ఉన్నది. పారిపోదామన్నది సిమ్రన్. ఆమె తల్లి కూడా అదే కోరింది. ఇద్దరు స్త్రీల కోరిక అది. దానిని కాదన్నది, సిమ్రన్ తండ్రి గౌరవాన్ని నిలబెట్టాలనుకున్న యువకుడు. చిత్రం అతని ఔన్నత్యానికి చప్పట్లు కొట్టిస్తుంది. ఈ కథలో రాజ్‌కూ, బల్‌దేవ్‌కూ నడుమ జరిగే సంవాదంలో సిమ్రన్ ఇష్టం ఒక సాక్ష్యం మాత్రమే, తీర్పు కాదు. చివర రైలు కదులుతుండగా తండ్రి ఆమె చేయి విడిచిపెట్టిన తరువాతనే ఆమె పరుగెత్తగలుగుతుంది. అంతకుముందే లజ్జో కూతురితో చెప్పిన మాటల సారాంశం మరువరానిది. ఆడపిల్లకూ, మగపిల్లవానికీ భేదం లేదని చిన్ననాడు తాను విన్నదనీ, పెరిగేకొద్దీ అది అబద్ధమని తెలిసిందనీ, చదువును, కోరికలను ఒక్కొక్కటిగా వదులుకొన్నదనీ, కూతురి విషయంలోనైనా అట్లా జరగనీయరాదని మొక్కుకొన్నదనీ ఆమె చెబుతుంది. ఆ మొక్కు చెల్లించలేక, అతణ్ణి మరచిపొమ్మని అడగడానికే ఆ రాత్రి వచ్చింది. ఇంత నిజం చెప్పిన చిత్రం, చెప్పినదానివెంట చివరివరకూ నడవలేదు.

ఇది వినోదంలో వచ్చే కల్పిత సమస్య కాదు. బ్రిటన్‌లో దక్షిణాసియా కుటుంబాలకు చెందిన కొందరు యువతులను, యువకులను కూడా, సెలవులకని స్వదేశానికి తీసుకుపోయి, ఇష్టంలేని పెళ్లి చేసిన ఉదంతాలు ఆ దేశపు న్యాయస్థానాల ముందుకు వచ్చాయి. 2005లో అక్కడి ప్రభుత్వం బలవంతపు వివాహాల నివారణకు ఒక ప్రత్యేక విభాగాన్ని ఏర్పాటు చేసింది. 2007లో బాధితులకు న్యాయస్థానం రక్షణ ఉత్తర్వులు ఇచ్చే చట్టం వచ్చింది. 2014నుంచి ఇంగ్లండు, వేల్సులలో బలవంతపు వివాహం నేరమైంది. సిమ్రన్‌కు తండ్రి మనసు కరగడమే దిక్కు. నిజజీవితంలో అట్టి యువతి ఫోనులో సహాయం అడగడానికి ఒక సంఖ్య అవసరమైంది. పెద్దలు కుదిర్చిన పెళ్లి వేరు, బలవంతపు పెళ్లి వేరు అన్న భేదం ఆ చట్టాలు స్పష్టంగా చూపాయి. సినిమా ఆ గీతను చాలాసార్లు చెరిపివేసింది.

2007లోనే వచ్చిన విపుల్ షా చిత్రం ‘నమస్తే లండన్’ ఇందుకు మంచి ఉదాహరణ. లండన్‌లో పెరిగిన జస్మీత్‌కు తగిన వరుణ్ణి చూడాలని తండ్రి ఆమెను భారతదేశానికి తీసుకువస్తాడు. పంజాబులో అర్జున్ అనే పల్లెటూరి యువకునితో పెళ్లి జరిపిస్తారు. లండన్ చేరిన తరువాత ఆ పెళ్లి చట్టప్రకారం చెల్లదని ఆమె తేల్చి చెబుతుంది. ఆమె మాటలో న్యాయం ఉన్నది. కాని ఆమె కోరుకున్న ఆంగ్లేయుణ్ణి, పలుమార్లు పెళ్లాడి విడిచినవానిగా చూపి, చిత్రం తన తూకాన్ని ముందే ఒకవైపు మొగ్గించుకొన్నది. అర్జున్ ఓర్పుతో గెలుస్తాడు. ‘పూరబ్ ఔర్ పశ్చిమ్’ ముప్పయి ఏడేళ్ల తరువాత కొత్త బట్టలు కట్టుకొని వచ్చిందని చెప్పవచ్చు.

వీటి నడుమ సుభాష్ ఘాయ్ ‘పర్‌దేస్’ 1997లో వచ్చింది. ఇందులో ఇద్దరు ప్రవాస యువకులు ఉన్నారు. రాజీవ్ అమెరికా ధనవంతుని కొడుకు, విలాసపురుషుడు. నిశ్చితార్థం చేసుకొన్న గంగపై లాస్ వేగాస్‌లో బలాత్కారానికి ప్రయత్నిస్తాడు. అర్జున్ ఆ ఇంటనే పెరిగిన అనాథ, సంస్కారవంతుడు. ‘దిల్‌వాలే’ ఒకే మనిషిలో కలిపిన రెండు గుణాలను ‘పర్‌దేస్’ ఇద్దరికి పంచిపెట్టింది. గంగ అన్న పేరు కూడా ఊరకే పెట్టినది కాదు. ఆమెను మనిషిగా కాక దేశానికి ప్రతీకగా నిలిపిన పేరది.

కరణ్ జోహార్ చిత్రాలలో ఈ భారతీయత ఒక ప్రదర్శనగా మారింది. ‘కుఛ్ కుఛ్ హోతా హై’లో లండన్‌నుంచి వచ్చిన టీనాను కళాశాల విద్యార్థులు హిందీలో పాడమని ఆటపట్టిస్తే, ఆమె హారతి పాట పాడి అందరి నోళ్లూ మూయిస్తుంది. 2001 నాటి ‘కభీ ఖుషీ కభీ ఘమ్’లో లండన్ బడిలో చదివే పసివాడు క్రిష్ పాఠశాల ఉత్సవంలో జనగణమన పాడతాడు. ఆంగ్లేయులతో సహా సభ లేచి నిలుచుంటుంది. చూసేవారి కళ్లు చెమర్చే దృశ్యమే. కాని ఆ పిల్లవాడు పుట్టి పెరిగిన దేశం బ్రిటన్. తన తోటివారిలో తానొకడుగా ఉండాలన్న కోరిక అతనికి ఉంటుందా, ఉంటే దానిని ఎవరితో చెప్పుకుంటాడు అన్న ఊహ ఆ చిత్రానికి తట్టలేదు. తల్లి బెంగను తీర్చడానికే అతడు పాడాడు. ప్రవాస కుటుంబాలలో పిల్లలకు భారతీయత చాలాసార్లు ఇట్లాగే, తల్లిదండ్రులు పోగొట్టుకొన్నదానికి పరిహారంగా అందుతుంది.

ప్రభుత్వం కూడా ఈ కాలంలోనే ప్రవాసుల వైపు చేయి చాచింది. గాంధీజీ దక్షిణాఫ్రికానుంచి స్వదేశానికి తిరిగివచ్చిన 1915 జనవరి 9ని స్మరిస్తూ 2003లో మొదటి ప్రవాసీ భారతీయ దివస్ జరిపారు. 2006లో ఆ సమావేశానికి హైదరాబాదు వేదిక అయింది. విదేశీ పౌరసత్వం తీసుకొన్న భారత సంతతివారికి ఇచ్చే ఓ.సి.ఐ. పత్రాలను అక్కడే ప్రధాని మన్మోహన్ సింగ్ లాంఛనంగా ప్రారంభించారు. తెరమీద రాజ్‌కు లభించిన స్వాగతం, పదేళ్ల తరువాత కాగితం మీదికి ఎక్కింది.

2003నుంచి కొన్ని చిత్రాలు ప్రవాస యువతను పరీక్షించడం మాని, వారి నిత్యజీవితాన్ని చూడసాగాయి. ‘కల్ హో న హో’లో న్యూయార్కు యువతి నైనా తండ్రిని పోగొట్టుకొన్నది, తల్లి క్రైస్తవురాలు, నాయనమ్మ పంజాబీ, ఇంటినిండా కలహమే. నైనా బాధ దేశాన్ని గురించి కాదు, ఇంటి అప్పును గురించీ, తండ్రి మరణాన్ని గురించీ. 2005 నాటి ‘సలామ్ నమస్తే’లో మెల్‌బోర్న్ నగరంలో నిక్, అంబర్ పెళ్లి లేకుండా ఒకే ఇంట కాపురముంటారు. ముంబయిలో చూపితే పెద్దలు కన్నెర్ర చేయగల విషయాన్ని సముద్రాల అవతల చూపడం నిర్మాతలకు తేలిక. ఆ విధంగా విదేశం, స్వదేశపు కోరికలకు ముసుగుగా కూడా ఉపయోగపడింది. 2012 నాటి ‘కాక్‌టెయిల్’ వచ్చేసరికి పాత అలవాటు మళ్లీ బయటపడింది. లండన్‌లో స్వేచ్ఛగా బతికే వెరోనికాను పక్కన పెట్టి, నాయకుడు భారతదేశంనుంచి వచ్చిన సాధుస్వభావ మీరాను ఎన్నుకొంటాడు. తనను కోరుకొనేటట్లయితే తానూ మీరావలె మారతానని వెరోనికా ప్రాధేయపడే ఘట్టం చూసేవారికి కష్టం కలిగిస్తుంది.

మతం అన్నది ఈ చిత్రాలలో చాలాకాలం పండుగగానో, హారతిగానో మాత్రమే కనిపించింది. 2001 సెప్టెంబరు 11 దాడుల తరువాత అమెరికాలో ముస్లింలూ, సిక్కులూ అనుభవించిన భయం తెరమీదికి రావడానికి ఎనిమిదేళ్లు పట్టింది. కబీర్ ఖాన్ దర్శకత్వంలో 2009లో వచ్చిన ‘న్యూయార్క్’లో సమీర్ అనే యువకుడు విశ్వవిద్యాలయంలో అందరికీ ఇష్టుడు, తాను అమెరికన్ అన్న విషయంలో అతనికి ఏ సందేహమూ లేదు. నిర్బంధంలో చిత్రహింసలు పడిన తరువాత ఆ నమ్మకం విరిగిపోతుంది. 2010 నాటి ‘మై నేమ్ ఈజ్ ఖాన్’లో పాఠశాల ఆటస్థలంలో పేరు కారణంగా దెబ్బలు తిని ఒక బాలుడు మరణిస్తాడు. నీవు భారతీయుడవేనా అన్న పాత ప్రశ్న స్థానంలో, నిన్ను ఈ దేశం తనవాడుగా ఒప్పుకొన్నదా అన్న ప్రశ్న వచ్చింది. ప్రవాస యువతకు రోజూ ఎదురయ్యేది ఈ రెండవదే.

వీటన్నింటికీ దూరంగా నిలిచిన చిత్రం అశుతోష్ గోవారికర్ ‘స్వదేశ్’. 2004 డిసెంబరులో విడుదలైన ఈ చిత్రం ఆనాడు డబ్బు తేలేదు. ప్రతిష్ఠ మాత్రం ఏటేటా పెరుగుతూ వచ్చింది. కథానాయకుడు మోహన్ భార్గవ ‘నాసా’లో వర్షపాతాన్ని కొలిచే ఉపగ్రహ పథకంలో పనిచేసే ఇంజనీరు. (ఆ పేరుగల ఉపగ్రహమే నిజంగా 2014 ఫిబ్రవరిలో జపాన్‌నుంచి అంతరిక్షంలోకి వెళ్లింది.) తనను పెంచిన కావేరి అమ్మను అమెరికా తీసుకుపోవాలని అతడు చరణ్‌పూర్ గ్రామానికి వస్తాడు. మొదట మినరల్ వాటర్ సీసా విడవడు. అప్పు వసూలు చేయడానికి పొరుగూరు వెళ్లి, నేత మాని కౌలు వ్యవసాయం పట్టి, కులంవారి వెలికి గురై, కుటుంబానికి తిండి పెట్టలేని ఒక రైతును చూస్తాడు. తిరుగు ప్రయాణంలో రైలు స్టేషనులో మట్టిపాత్రలతో నీళ్లు అమ్మే పిల్లవాని దగ్గర పావలా ఇచ్చి నీరు తాగుతాడు. ఒక్క మాట లేని ఆ దృశ్యంలో నటుడు షారూఖ్ ఖాన్ ముఖం చెప్పినంత, అతని ఇతర చిత్రాలలోని ప్రసంగాలేవీ చెప్పలేదు.

మోహన్ భారతదేశాన్ని పొగడడు. మన సంస్కృతి గొప్పదని చెప్పి సమస్యలను కప్పిపుచ్చుకొంటున్నామని ఊరి పెద్దల ముఖం మీదనే అంటాడు. ఊటనీటితో చిన్న జలవిద్యుత్ కేంద్రం కట్టించి ఊరికి దీపం వెలిగిస్తాడు. ఈ కథకు ప్రేరణగా తరచు చెప్పబడేవారు తెలుగు మూలాలున్న దంపతులు రవి కూచిమంచి, అరవింద పిల్లలమర్రి. అమెరికాలో చదువుకొన్న రవి 1991లో మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో ‘అసోసియేషన్ ఫర్ ఇండియాస్ డెవలప్‌మెంట్’ సంస్థను ప్రారంభించారు. నర్మదా లోయలోని బిల్‌గావ్ అనే ఆదివాసీ గ్రామంలో ప్రజల శ్రమతో చిన్న జలవిద్యుత్ పథకం నెలకొనడానికి వారు తోడ్పడ్డారు. చిత్రంలో ఒక్క మోహన్ పూనికగా కనిపించే పని, వాస్తవంలో అనేకుల ఉమ్మడి కృషి. ఒక్క నాయకుణ్ణి నిలపకుండా కథ చెప్పడం హిందీ సినిమాకు ఎన్నడూ అలవడలేదు.

ప్రవాస యువత తమ కథను తామే చెప్పుకొన్నప్పుడు అది వేరుగా ఉండడం సహజం. లండన్‌లో పెరిగిన గురిందర్ చడ్ఢా 2002లో తీసిన ‘బెండ్ ఇట్ లైక్ బెక్‌హామ్’లో పంజాబీ బాలిక జెస్ కోరుకొన్నది ఫుట్‌బాల్ ఆడడం. ఆమె తండ్రి కూడా ఒకనాడు క్రికెట్ ఆడాలనుకొని, తెల్లవారి క్లబ్బులో అవమానం పొంది, ఆట మానుకొన్నవాడు. తండ్రి నిషేధంలో ఉన్నది పట్టుదల మాత్రమే కాదు, పాత గాయం కూడా అని ఆ చిత్రం గుర్తించింది. బల్‌దేవ్ సింగ్‌కు అట్టి గాయం ఏదైనా తగిలిందా అన్నది ఆదిత్య చోప్రా మనకు చెప్పనే లేదు.

హిందీ సినిమా దాటని గడప మరొకటి ఉన్నది. సిమ్రన్‌కు దొరికినవాడు పంజాబీ హిందువు. జస్మీత్ ఆంగ్లేయుణ్ణి విడిచి పంజాబీ యువకుణ్ణి చేపట్టింది. పరదేశంలో పెరిగిన యువతి పరదేశీయుణ్ణే ప్రేమిస్తే ఏమిటన్న ప్రశ్నను తెలుగులో జంధ్యాల ‘పడమటి సంధ్యారాగం’ 1987లోనే ఎత్తుకొన్నది. అమెరికాలో చిత్రీకరించిన ఆ కథలో విజయశాంతి ధరించిన సంధ్య, క్రిస్ అనే అమెరికన్ యువకుణ్ణి ప్రేమిస్తుంది. ఛాందసుడైన తండ్రితో ఘర్షణ వస్తుంది. హాస్యం చాటున చెప్పినా, నొప్పి ఎక్కడా తగ్గించి చెప్పలేదు. అటువంటి జోడీనే ‘దిల్‌వాలే’ కథలోకి తేవడానికి మరెంతో కాలం పట్టింది. 2022లో అమెరికాలోని శాన్ డియేగో నగరంలో ఆ కథను ఆదిత్య చోప్రాయే సంగీత నాటకంగా ప్రదర్శించినప్పుడు సిమ్రన్ భారత సంతతి యువతిగానే ఉన్నది. నాయకుడు మాత్రం రాజ్ కాదు, రోజర్ అనే తెల్లజాతి అమెరికన్. నాయకుని స్థానంలో తెల్లవాణ్ణి పెట్టారని ప్రవాస యువతలోనే చాలామంది అప్పట్లో గట్టిగా అభ్యంతరం చెప్పారు.